అత్తగారి నిమ్మసోడా

పోయిన వారం ఏంజలిన్‌ని మనం కలకత్తాకి దూరంగా ఉన్న మన రైల్వే ఊళ్లో, చౌరంగీ దగ్గర కొత్తగా కట్టిన పెద్ద రెస్టారెంటు గాజుతలుపు ముందు వదిలి వచ్చాం. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో మడిచిన గొడుగు, పక్కన ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని పెదవులు బిగించి నిలబడ్డ అత్తగారు రత్నం. పెళ్లిరోజని ఆదివారం మధ్యాహ్నానికి ముగ్గురికి బల్ల మాట్లాడినవాడు వినోద్. తీరా బయలుదేరే వేళకి గూడ్సు బండి మీద డ్యూటీ పడిందని బ్యాగు భుజాన వేసుకుని పరుగెత్తాడు. పరుగెత్తుతూనే పెళ్లాం చెవిలో ఒక మాట వేసి పోయాడు.

"ఆ సంగతి నువ్వే సెప్పీ అమ్మకి."

ఆ సంగతంటే తాల్‌బగీచా పేటలో చూసిన అద్దె ఇల్లు. రెండు గదులూ వంటిల్లూ ఉన్న ఆ ఇంటికి వాళ్లిద్దరూ వచ్చే నెల మారిపోవాలనుకున్నారు. మామగారు ఎర్రయ్యకీ చెప్పలేదు, రత్నానికీ చెప్పలేదు. ఎందుకు మారాలంటే కారణం ఒక్కటే. పెళ్లయి రెండేళ్లయినా ఏంజలిన్ చేతి వంట రత్నం ఒక్కనాడూ నోట పెట్టలేదు. తిట్టదు, కొట్టదు, పొమ్మనదు. గిన్నె ముందు పెడితే పక్కకి జరిపి, తను వండుకున్నది వడ్డించుకుంటుంది. తను వండేటప్పుడు కోడలిని వంటింట్లోకి రానివ్వదు. చర్చికి పోయే పిల్లని కొడుకు ప్రేమించి చేసుకున్నాడని ఆవిడ కడుపులో పెట్టుకున్న కోపం అదేనని ఏంజలిన్ అనుకుంది. అలా అనుకోకుండా ఉండడానికి ఆమెకి ఇంకో కారణం దొరకలేదు.

"ఇంటికెళ్లిపోదామా అత్తా? మీ అబ్బాయి లేకుండా మనిద్దరం ఏటి చేస్తాం ఇక్కడ?" అంది ఏంజలిన్.

రత్నం గాజులోంచి లోపలికి తొంగి చూసింది. తెల్లటి గుడ్డలు పరిచిన బల్లలు, తలకిందులుగా బోర్లించిన గ్లాసులు, నల్లకోట్లు వేసుకుని అటూ ఇటూ చప్పుడు లేకుండా తిరిగే మనుషులు.

"బల్ల మాట్లాడినాడు గదా ఆడు. మనం ఎల్లకపోతే ఆలు మన కోసం సూస్తా కూకుంటారు. అలా సెయ్యకూడదు. పద," అని తలుపు తనే తోసింది.

లోపల చల్లగా ఉంది. నడివయసు వెయిటరు ఒకతను ఎదురొచ్చి, పేరు కనుక్కుని, కిటికీ పక్క బల్ల దగ్గరికి తీసుకెళ్లి, రత్నం కోసం కుర్చీ వెనక్కి లాగాడు. రత్నం గబుక్కున ఆ కుర్చీ వీపు పట్టుకుంది.

"ఇది తీసీకు దాదా, మేం కూకోవాల," అంది తెలుగులోనే.

అతనికి అర్థం కాలేదు. ఏంజలిన్‌కి అర్థమై నవ్వొచ్చింది. నవ్వితే ఏమనుకుంటుందోనని పెదవి కొరుక్కుంది. "మనం కూర్చోడానికే లాగినాడత్తా. మీరు నిలబడండి, మోకాళ్ల వెనక కుర్చీ తగులుతాది, అప్పుడు కూర్చోండి."

"అడక్కండానే కుర్సీ ఏస్తారేటి ఇక్కడ?" అంటూ రత్నం కూర్చుంది. కూర్చున్నాక ఆ వెయిటరు వంక ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూసి, "బేఠియే దాదా, మీరూ కూకోండి," అంది. అతను సిగ్గుపడి, చెయ్యి గుండెల మీద పెట్టుకుని, "నా నా మాసీమా," అని, వద్దు పిన్నిగారూ అన్నట్టు, వెనక్కి తగ్గాడు.

ఇలాంటి చోట ఎలా మెలగాలో నేర్పడమే ఏంజలిన్ ఉద్యోగం. ప్రేమ్ బజార్‌లో స్టేషనరీ దుకాణం మేడ మీద ఒక శిక్షణా కేంద్రం ఉంది. ఇంజనీరింగు చివరి సంవత్సరం పిల్లలకి అక్కడ ఇంటర్వ్యూల మాటతీరు నేర్పుతారు. కంపెనీవాళ్లు పెద్ద హోటళ్లలో భోజనానికి పిలిచినప్పుడు ఎలా కూర్చోవాలి, ఏది ఏ చేత్తో పట్టుకోవాలి అన్నది ఏంజలిన్ పాఠం. అట్టముక్కల మీద ప్లేట్ల బొమ్మలు గీసి, మెస్సు నించి తెచ్చిన చెంచాలు పరిచి నేర్పుతుంది. ఎంతోమందికి నేర్పింది. ఈవిడకి మాత్రం ఎలా చెప్పాలో తెలీలేదు. చెబితే తప్పు పట్టినట్టుంటుంది. చెప్పకపోతే పక్క బల్లవాళ్లు చూస్తారు.

ఆ ఇబ్బంది రత్నమే తీర్చింది. బల్ల మీద వరుసగా పరిచిన ఫోర్కుల్నీ కత్తుల్నీ చూసి, గ్లాసులో పువ్వులా దూర్చిన గుడ్డని చూసి, కోడలి మొహం చూసింది.

"ఆ కుర్రోల్లకి నువ్వు సెప్పీది ఇదే గదా?"

"అవునత్తా."

"మరి నాకూ సెప్పు. ఆలకి సెప్పినట్టే సెప్పు. అత్తనని మొగమాటపడీకు."

రెండేళ్లలో ఆవిడ తనని ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఏంజలిన్ గొంతు సవరించుకుంది.

"ఈ గుడ్డ విప్పి ఒళ్లో పరుచుకోవాలి. మూతి తుడుచుకోడానికి."

"ఇంత తెల్లగుడ్డకి పసుపు మరకలంటితే ఎవులు ఉతుకుతారే?" అంటూనే రత్నం దాన్ని ఒళ్లో పరిచి, చీర కుచ్చిళ్ల మీద నలిగిపోకుండా సర్దింది.

"ఫోర్కులు ఇన్ని ఉన్నాయని కంగారు పడక్కర్లేదు. బయట ఉన్నది మొదట తియ్యాలి. ఒక్కో వంటకం వచ్చినప్పుడు ఒక్కోటి లోపలికి పోతాం. బ్రెడ్డు ఎడంపక్క ఉన్నది మనది. అందరికీ వడ్డించేదాకా ఎవరూ తినకూడదు."

"అది మనింట్లోనూ ఉన్నాది గదా."

"ఉందత్తా. సూపు చెంచాతో ముందుకి తొయ్యాలి, మన వైపు లాక్కోకూడదు. ఊదకూడదు. చప్పుడు చెయ్యకూడదు. వెయిటర్ని చప్పట్లు కొట్టి పిలవకూడదు, చూస్తే చాలు వస్తారు. మధ్యలో ఆగితే ఫోర్కూ కత్తీ ప్లేటు మీద ఎడంగా పెట్టాలి. రెండూ పక్కపక్కన చేర్చి పెడితే అయిపోయిందని ప్లేటు తీసుకుపోతారు. ఇంకోటి, ఏదైనా రుచి బాగోలేకపోతే మొహం చిట్లించకూడదు. నెమ్మదిగా పక్కన పెట్టాలి అంతే."

రత్నం అన్నీ విని తల ఊపింది. "మా అమ్మ ఇయే సెప్పీది. సెంచాలు నేవు గానీ, మిగిలినయన్నీ ఇయే."

వెయిటరు తాగడానికేమైనా కావాలా అని అడిగాడు. ఏంజలిన్ ఇద్దరికీ నిమ్మకాయ సోడా చెప్పింది. పొడుగాటి గ్లాసుల్లో సోడా, నిమ్మరసం తెచ్చి పెట్టి, ఎవరికి కావలసింది వాళ్లు కలుపుకోండని రెండు చిన్న తెల్లగిన్నెలు మధ్యలో పెట్టి పోయాడు. ఒకదాంట్లో ఉప్పు, ఒకదాంట్లో పొడి పంచదార. చూడడానికి రెండూ ఒకటే.

రత్నం తీపి మనిషి. టీలో పంచదార తక్కువైతే తాగదని వీధంతా తెలుసు. కుడి గిన్నెలోంచి చెంచా నిండుగా తీసి గ్లాసులో వేసింది. మళ్లీ వేసింది. ఇంకోసారి వేసి, పొడుగు చెంచాతో గిరగిరా తిప్పి, గుటక వేసింది.

"ఎలా ఉందత్తా?"

"తియ్యగా సల్లగా ఉన్నాది. పేనం లేచొచ్చినట్టుంది ఈ ఎండకి," అని సగం గ్లాసు తాగేసింది.

ఏంజలిన్ ఉప్పు సోడా తాగుతుంది. ఎడమ గిన్నెలోది చిటికెడు కలుపుకుని నోట పెట్టుకుంది. తియ్యగా తగిలింది.

ఆమె గ్లాసు కిందికి దించి, కుడి గిన్నె వంక చూసింది. అంటే అత్తగారు వేసుకున్నదంతా ఉప్పు. అన్ని చెంచాల ఉప్పు. ఒక్క గుటకకే ఎవరైనా మింగలేక కక్కెయ్యాలి. ఈవిడేమో కిటికీలోంచి హైవే మీద పోయే లారీల్ని చూస్తూ నిమ్మళంగా తాగుతోంది.

మొహం చిట్లించకూడదని తను చెప్పిన మాట అంత గట్టిగా పట్టుకుందా? వెయిటరు బాధపడతాడని, పక్కవాళ్లు నవ్వుతారని, ఉప్పునీళ్లని తియ్యగా ఉన్నాయని మింగుతోందా? ఆ ఆలోచన రాగానే ఏంజలిన్‌కి జాలి వేసింది. ఆ జాలి వెనకే, ఎక్కడినించో, పాత బాధ పొడుచుకొచ్చింది. ముక్కూమొహం తెలియని వెయిటరు చిన్నబుచ్చుకోకూడదని ఉప్పు మింగే మనిషి, ఇంట్లో కోడలు చిన్నబుచ్చుకుంటుందని ఒక్క ముద్ద మింగలేకపోయింది.

సూపు వచ్చింది. రత్నం చెప్పినట్టే చెంచా ముందుకి తోసి, చప్పుడు లేకుండా తాగింది. ఆ తర్వాత భెట్కీ చేప వచ్చింది, వెన్నలో వేయించి పైన తెల్లటి సాసు పోసినది. రత్నం బయటి ఫోర్కు తీసింది. కత్తి సరిగా ఒదగకపోతే కోడలి చెయ్యి చూసి తన చెయ్యి మార్చుకుంది. ముక్క తుంపి, నోట్లో పెట్టుకుని, నోరు మూసి నమిలింది. ఇంకో ముక్క. ఇంకోటి.

ఏంజలిన్ తినడం మానేసింది. పెళ్లయిన మొదటి వారం ఆమె చేసిన చేపల పులుసు కళ్ల ముందు కదిలింది. అమ్మ సూసన్న దగ్గర నేర్చుకుని, పొద్దున్నే లేచి గోల్ బజార్ పోయి చేప తెచ్చి, చింతపండు పిసికి, అత్తగారి కంచంలో తనే వడ్డించింది. రత్నం ఆ కంచం వైపు చూసి, కోడలి వైపు చూసి, లేచి వెళ్లి పెరుగన్నం తిని పడుకుంది.

"అత్తా," అంది. గొంతు తను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. తగ్గించుకుంది. "ఈ చేప ఎవరు వండినారో మీరు అడగలేదు."

రత్నం నమలడం ఆపింది.

"లోపల వంట చేసినోళ్లు ఏ కులమో ఏ మతమో మనకి తెలీదు. మీరు అడగలేదు, తింటన్నారు. నేను వండితే మాత్రం కంచం జరిపేస్తారు."

"నీ సేతి కూడు తిననని నానెప్పుడైనా అన్నానేటి?"

"అనలేదు. తిననూ లేదు." కళ్లలో నీళ్లు వస్తుంటే ఒళ్లో గుడ్డ పిడికిట్లో బిగించింది. "కనీసం బాగోలేదని తిట్టినా బాగుండేదత్తా. ఇందాక ఆ వెయిటరు బాధపడతాడని ఉప్పేసుకున్న సోడాని తియ్యగా ఉందని తాగినారు. అంత మర్యాద నామీద ఎందుకు లేకపోయింది?"

"ఉప్పా?" అంది రత్నం.

ఆ ఒక్క మాట అన్న తీరుకి ఏంజలిన్ తలెత్తింది. రత్నం తన గ్లాసు వైపు చూస్తోంది. గ్లాసు అడుగున ఇంకా కరగని తెల్లటి పొడి పేరుకుని ఉంది. ఆవిడ వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. దూరంగా ఎవరో పిలిస్తే వినడానికి చెవి ఒగ్గినట్టు తల వాల్చింది.

"ఉప్పేనా అది? నిజంగానా?"

"మీకు తెలీలేదా అత్తా?"

వెయిటరు ప్లేట్లు తియ్యడానికి వచ్చాడు. రత్నం చూసుకోకుండా ఫోర్కూ కత్తీ దగ్గరగా పెట్టేసి ఉంది. ఏంజలిన్ అతన్ని చూసి తల అడ్డంగా ఊపింది. అతను ఏం గ్రహించాడో ఏమో, వెనక్కి వెళ్లి దూరంగా ఉన్న బల్ల తుడవడం మొదలెట్టాడు.

"ఆ పెద్ద జొరాలొచ్చిన ఏడు," అంది రత్నం చివరికి, బల్లగుడ్డ మీద గీతలు గీస్తూ. "మీ పెళ్లికి ముందు. అందరికీ వచ్చినాయి, నాకూ వచ్చినాది. జొరం పోయినాది. ముక్కూ నాలికా మళ్లీ రానేదు. నెల రోజుల్లో వచ్చెస్తాదన్నారు. కొందరికి వచ్చినాది. నాకు రానేదు. ఏది తిన్నా తడిసిన కాయితం నమిలినట్టుంటాది. కారం తగిల్తే మండుతాది, అంతే. ఉప్పేదో పంచదారేదో నాకు తెల్దు."

"మామకి తెలుసా?"

"ఎవులికీ తెల్దు. నీకే సెప్తన్నాను."

రత్నం ఎవరో ఊరందరికీ తెలుసు. తెలుగువాళ్ల పెళ్లిళ్లలో, పందిళ్ల కింద గాడిపొయ్యిల మీద వంటలు దిగే ముందు వంటవాళ్లు గరిటె పట్టుకుని ఆవిడ దగ్గరికే వస్తారు. ఆవిడ అరచేతిలో చుక్క వేయించుకుని, నాకి, "ఇంకో గుప్పెడు పడాల" అంటేనే గుండిగ దిగుతుంది.

"మరి పెళ్లిళ్లలో?"

"రంగు సూస్తాను. ఉడుకు సూస్తాను. కాసేపు ఆలోసించినట్టు నిలబడి, బాగున్నాదంటాను." ఆవిడ నవ్వబోయింది, కుదరలేదు. "ఆలు నా మీద గౌరవంతో ఒప్పేసుకుంటారు. ఇంట్లో సేతి అలవాటుతో వండీస్తాను. మీ మామ నోరెత్తకండా తిన్నాడంటే సరిపోయిందనుకుంటాను. ఆయన ఒకసారి మంచినీల్లు ఎక్కువ తాగితే, ఆ పూట ఉప్పెక్కువయిందని తెలుసుకుంటాను. అందుకే నానొండీటప్పుడు నిన్ను రానిచ్చీదాన్ని కాదు. నువ్వు సదువుకున్నదానివి. పక్కన నిలబడితే రెండు రోజుల్లో కనిపెట్టీస్తావని బయం."

"నా పులుసు..."

"నీ పులుసు పెట్టి, ఎదురుగా నిలబడి, ఇంతేసి కళ్లేసుకుని నా మొకంలోకి సూసినావే! ఎలా ఉందత్తా, ఎలా ఉందత్తా అని. బాగుందంటే అబద్దం. బాగునేదంటే పాపం. ఏటి సెప్పాలో తెలక లేచిపోయినాను. ఆ రేతిరి ఎంతేడిసినానో నీకు తెల్దు. మర్నాడు తింటే, నిన్న ఎందుకు తిన్నేదని అడుగుతావు గదా. అలా అలా రోజులైపోయినాయి. ఇంక ఎలా మొదలెట్టాలో తెలీనేదు."

"నేను చర్చికి పోతాననే మీరు తినరనుకున్నాను," అంది ఏంజలిన్ మెల్లగా.

రత్నం ఆమె వంక వింతగా చూసింది. తర్వాత ఆవిడ మొహం చిన్నబోయింది. "రెండేళ్లూ అదే అనుకున్నావేటే? ఓలమ్మా! మీ అమ్మ సూసన్న క్రిస్మస్‌కి పంపిన కేకులు తినీ పెరిగినాడే నా కొడుకు. పక్క లైన్లోనే గదా మీ క్వార్టరు. నానూ తిన్నాను. అప్పుడు నాలిక ఉండీది." ఒళ్లో గుడ్డ అంచు సరిచేసుకుంది. "నన్ను అలాటిదాన్ననుకున్నావు. తప్పు నీది కాదులే. సెప్పనిది నాను."

ఏంజలిన్ కుర్చీలోంచి లేచింది. పెద్ద హోటల్లో తిండి మధ్యలో లేవకూడదని తను పిల్లలకి చెప్పే నియమం గుర్తుకి రాకపోలేదు. తన కుర్చీ ఎత్తుకుని, బల్ల చుట్టూ తిరిగి, అత్తగారి పక్కన వేసుకుని కూర్చుంది. పక్క బల్లలో టై కట్టుకున్న పెద్దమనిషి ఇటు చూశాడు. చూడనీ అనుకుంది.

"అత్తా, కళ్లు మూసుకోండి."

"ఎందుకే?"

"మూసుకోండి చెప్తాను." చేప ముక్క ఒకటి ఫోర్కుతో తీసి ఆవిడ పెదాల దగ్గర పెట్టింది. "నేను చెప్తుంటే నమలండి. ఇది మొదట వెన్న. మనం రొట్టె మీద రాసుకునే వెన్న కాదు, మీరు మీగడ చిలికి కాచినప్పుడు ఇల్లంతా కమ్మగా అయిపోతాది చూడండి, అలాంటిది. దాని వెనకాల నిమ్మకాయ. కొంచమే. పులుపు తగిలీ తగలకుండా పోతాది. ఉప్పు కాస్త తక్కువ పడింది. మీరు చూసుంటే ఇంకో చిటికెడు వెయ్యమందురు."

రత్నం కళ్లు మూసుకుని నెమ్మదిగా నమిలింది. గొంతు కదిలింది. మూసిన రెప్పల కింద నించి ఒక చుక్క జారి చెంప మీదికి వచ్చింది.

"సేప తాజాదేనా?"

"తాజాదే. నీసు వాసన లేదు. కండ తియ్యగా ఉంది."

"మరి ఆ తెల్లదేటి పైన?"

"పాలూ మైదా కలిపి చేసినారు. దానికి రుచేమీ లేదత్తా, మీరేమీ పోగొట్టుకోలేదు."

రత్నం కళ్లు తెరవకుండానే పగలబడి నవ్వింది. ఆ నవ్వుకి హాల్లో తలలు తిరిగాయి. ఏంజలిన్‌కీ ఆగలేదు. ఒళ్లో గుడ్డ నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. వెయిటరు కూడా దూరాన నిలబడి, ఎందుకో తెలీకుండానే నవ్వాడు.

తర్వాత వచ్చినవన్నీ అలాగే తిన్నారు. కోడలు ముందు తన నోట్లో పెట్టుకుంటుంది, తర్వాత అత్తగారికి పెడుతుంది, రుచి చెబుతుంది. మటన్ వచ్చినప్పుడు, "ఇందులో దాల్చినచెక్క ఎక్కువైంది, గొంతులో పట్టుకుంటంది" అంటే రత్నం, "కొత్త వంటోడై ఉంటాడు, బయానికి ఎక్కువేస్తారు" అని తేల్చేసింది. చివర కారమెల్ కస్టర్డు వస్తే, "బెల్లం పాకం మాడబోతుంటే దించేస్తాం చూడండి, ఆ వాసన" అంది ఏంజలిన్. రత్నం చాలాసేపు ఆ ముక్కని నాలిక మీదే ఉంచుకుంది. "వచ్చినాదా అత్తా?" అని ఆశగా అడిగితే, "రానేదు. గానీ నువ్వు సెప్తే గెపకమొచ్చినాది" అంది.

తిన్న తర్వాత రత్నం అలవాటు కొద్దీ ప్లేట్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, చెంచాలు పైన పెట్టి, లోపలికి పట్టుకుపోబోయింది. వెయిటరు పరుగున వచ్చి అందుకున్నాడు. "మాసీమా, ఇది నా పని," అన్నాడు హిందీలో. "నువ్వు తిన్నావా నాయినా? ఖాయా?" అని అడిగింది ఆవిడ. ఇంకా లేదన్నాడు. "అన్ని బల్లలకీ పెట్టినాడు, ఆడు తిన్నేదు సూడు," అని కోడలితో చెప్పుకుని బాధపడింది.

"అత్తా, కలకత్తాలో దీనికి డాక్టర్లుంటారు. మనం వెళ్దాం. నేను తీసుకెళ్తాను," అంది ఏంజలిన్.

"ఎల్దాంలే. ముందు రేపు పొద్దున్న నా పక్కన నిలబడి సాంబార్లో ఉప్పు సూసిపెట్టు. మీ మామ ఈమద్దిన మంచినీల్లు మరీ తాగీస్తన్నాడు." రత్నం కోడలి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "ఇన్నాళ్లూ ఇంట్లో మనిసిని పెట్టుకుని బయటిదాన్ని సేసినాను. ఇంక అలా ఉండదు అమ్మీ."

అమ్మీ అంది. ఇన్నాళ్లూ ఆవిడ ఏంజలిన్‌ని పేరు పెట్టి పిలవలేదు, వావి పెట్టి పిలవలేదు. ఎవరికైనా చెప్పాల్సి వస్తే "మావోడి పెళ్లాం" అనేది. ఆ పిలుపుకి ఏంజలిన్ గుండె ఎంత నిండిందో, అంతే బరువుగా తాల్‌బగీచా ఇల్లు గుర్తొచ్చింది. రేపు పొద్దున్న సాంబార్లో ఉప్పు చూస్తుంది సరే, వచ్చే నెల? తను ఒక సంగతి దాచి ఇక్కడికొచ్చింది. ఎదుటి మనిషి తన సంగతంతా ముందు పెట్టేసింది.

ఆ ఇల్లు వద్దనుకోవాలి. ఇవాళే. కానీ వద్దనుకునే ముందు, అనుకున్నామని ఈవిడకి చెప్పాలి. ఇంకెవరి నోటో వింటే ఈ చెయ్యి మళ్లీ ఇలా అందదు.

"అత్తా, నేనూ మీ దగ్గర ఒకటి దాచినాను," అంది. "అది చెబుదామనే ఇవాళ..."

"అమ్మా!"

గాజుతలుపు దగ్గర వినోద్. డ్యూటీ చొక్కా, భుజాన బ్యాగు, మొహం నిండా చెమట. వెయిటరు దారి చూపబోతే అక్కర్లేదని చెయ్యి ఊపి, బల్లల మధ్య నించి దూసుకొచ్చాడు. "బండి కేన్సిలైపోయింది! సిగ్నలింగు పనేదో ఉందంట, ఇంటికి పొమ్మన్నారు," అంటూ కుర్చీ లాక్కోబోయి, ఆగిపోయాడు. అమ్మ చెయ్యి పెళ్లాం చేతిలో ఉంది. ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. ఇద్దరి మొహాల్లోనూ నవ్వుంది.

అతనికి తోచింది ఒక్కటే. పెద్దగా ఊపిరి వదిలాడు.

"సెప్పీసినావా! అమ్మ ఒప్పీసుకుందా! నాను దారంతా బయపడి సస్తన్నాను."

"వినోద్, ఆగు," అంది ఏంజలిన్.

అతను ఆగలేదు. జేబులో చెయ్యి పెట్టి, ఎర్రదారం కట్టిన ఇత్తడి తాళంచెవి తీసి, తెల్లటి బల్లగుడ్డ మీద అమ్మ ముందు పెట్టాడు. "ఇదిగోనమ్మా, తాల్‌బగీచా ఇంటిది. ఇప్పుడే వస్తా వస్తా ఓనరు దీదీ దగ్గర తీసుకున్నాను. నువ్వు బాదపడతావనుకున్నాం గానీ, సైకిలేసుకుంటే ఎంతదూరం సెప్పు? రోజూ వస్తాం."

ఏంజలిన్ చేతిలోంచి రత్నం చెయ్యి నెమ్మదిగా జారిపోయింది.

ఏదో ఒకటి చెప్పాలి, వద్దనుకున్నామని చెప్పాలి, ఇప్పుడే మనసు మార్చుకున్నానని చెప్పాలి. ఎవరు నమ్ముతారు? అత్తగారి మొహం వైపు చూసే ధైర్యం లేక ఆ తాళంచెవి వైపే చూస్తూ కూర్చుంది.

రత్నం ఆ తాళంచెవి చేతిలోకి తీసుకుంది. అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు.

"ఇది పెరటి తలుపుది," అంది.

వినోద్ నోరు తెరిచాడు. "నీకెలా తెలుసు?"

"ఓనరు దీదీ నాకు మొన్ననే సెప్పినాది," అంటూ రత్నం పట్టుచీర కొంగు ముందుకి లాక్కుని, మూలనున్న ముడి తీరిగ్గా విప్పింది. అందులోంచి ఎర్రదారం కట్టిన ఇంకో తాళంచెవి తీసి, మొదటిదాని పక్కన పెట్టింది.

"ముందు గుమ్మంది నాకాడున్నాది."